‘ఘనీభవనం’లో మేడ ఎక్కడుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చదువు గురించే ఉన్నాయి. పదో తరగతి పిల్లల గురించి రాసే తల్లిదండ్రులు సాధారణంగా మార్కుల సంగతి అడుగుతారు. ఈ మధ్య తరగతుల పిల్లల గురించి రాసేవారు మాత్రం “ఏదో అందడం లేదండీ, అదేమిటో మాకు తెలియడం లేదు” అంటున్నారు. ఉన్నత పాఠశాలలో చాలాకాలం భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కనుక, ఆ అందనిది ఏమిటో నాకు తోచినంతవరకు చెబుతాను. ఉత్తరాలను కుదించాను. పేర్లు తీసేసి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా అమ్మాయి ఐదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆరులో ఇంగ్లీషు మాధ్యమంలో చేరింది. ఇప్పుడు ఏడో తరగతి. ఇంగ్లీషులో బాగానే మాట్లాడుతుంది, పాఠం తడబడకుండా పైకి చదువుతుంది. సైన్సులో “ఎందుకు?” అని అడిగితే మాత్రం నోరు విప్పదు. ట్యూషన్ టీచరుగారు “ఇంగ్లీషు వీక్” అంటున్నారు. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించమంటారా? – ఒక తల్లి, తణుకు

జవాబు: వద్దమ్మా. మీరు రాసినదాన్నిబట్టి మాట్లాడుకునే ఇంగ్లీషు మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చింది. ఇంకా రావలసింది పాఠ్యపుస్తకపు ఇంగ్లీషు. ఈ రెండూ ఒకటి కావని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పారు. వలస వచ్చిన పిల్లలకు ఆటస్థలంలో పనికివచ్చే భాష సుమారు రెండేళ్లలో పట్టుబడుతుందనీ, పాఠాల భాషలో తోటివారితో సమానంగా నిలబడడానికి మాత్రం ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందనీ ఆయన పరిశోధనల సారాంశం. మీ అమ్మాయి మాధ్యమం మారి ఇంకా రెండేళ్లు నిండలేదు. అలాంటప్పుడు “వీక్” అనే ముద్ర వేయడం తొందరపాటు.

ఆమె ఎక్కడ ఆగిపోతోందో తెలియాలంటే పాఠంలోని మాటలను కాస్త విడదీసి చూడాలి. అమెరికా పరిశోధకురాలు ఇసబెల్ బెక్, ఆమె సహచరులు మాటలను మూడు అంతస్తులుగా చూశారు. కింది అంతస్తులో నీరు, చెట్టు, పరుగు వంటి రోజువారీ మాటలుంటాయి. పై అంతస్తులో కిరణజన్య సంయోగక్రియ, హారం (భిన్నంలో కింది సంఖ్య), అక్షాంశం వంటి శాస్త్రపు మాటలుంటాయి. వీటిని పుస్తకమే లావు అక్షరాల్లో వేస్తుంది, టీచరూ ఆగి చెబుతారు. చిక్కంతా నడిమి అంతస్తులోని మాటలతోనే వస్తుంది. అవి అన్ని సబ్జెక్టుల్లోనూ కనిపిస్తాయి కానీ ఏ సబ్జెక్టు వారూ వాటిని తమవి అనుకోరు. సైన్సు టీచరు అవి ఇంగ్లీషు టీచరు చెప్పవలసినవి అనుకుంటారు. ఇంగ్లీషు టీచరేమో కథలోని మాటలతో సరిపెడతారు.

ఒక సంగతి చెబుతాను. ఏడో తరగతి పిల్లవాడొకడి చేత “మెటల్స్, ఎక్సెప్ట్ మెర్క్యురీ, ఆర్ సాలిడ్ ఎట్ రూమ్ టెంపరేచర్” అనే వాక్యం చదివించి, పాదరసం ఘనమా, ద్రవమా అని అడిగాను. “ఘనం సార్” అన్నాడు. వాడికి మెటల్ తెలుసు, మెర్క్యురీ తెలుసు, సాలిడ్ తెలుసు. మరి ఎక్సెప్ట్ అంటే ఏమిటన్నాను. “ఒప్పుకోవడం” అన్నాడు. యాక్సెప్ట్‌తో కలిసిపోయిందన్నమాట. లోహాలు పాదరసాన్ని తమలో ఒప్పుకున్నాయి కాబట్టి అదీ ఘనమేనని వాడి లెక్క. తర్కంలో లోపమేమీ లేదు! “పాదరసం తప్ప” అని తెలుగులో చెప్పగానే విషయం వెలిగింది, ఎందుకంటే “నువ్వు తప్ప అందరూ అన్నాలు తిన్నారు” అన్న వాక్యం వాడు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నాడు.

ఎక్సెప్ట్, అన్‌లెస్, ఆల్దో, దేర్‌ఫోర్, రెస్పెక్టివ్‌లీ, ప్రొవైడెడ్ వంటి మాటలు పట్టుమని యాభై కూడా ఉండవు కానీ, పాఠపు వాక్యాన్ని నడిపించేవి అవే. లెక్కల్లో “నాట్ లెస్ దాన్ 5” అంటే 5 కూడా లెక్కలోకి వస్తుందని తెలియక మొత్తం జవాబు పోగొట్టుకున్న పిల్లలను ఎందరినో చూశాను. మీ అమ్మాయి పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఉన్నదైతే అంతకంటే మంచి పనిముట్టు లేదు. అలాంటిది కాకపోతే అదే తరగతి తెలుగు మాధ్యమం పుస్తకం పాతది సంపాదించండి. రోజుకు ఒక్క పేరా చాలు. ముందు తెలుగులో చదివి మీకు చెప్పమనండి, తరువాత ఇంగ్లీషులో చదివి “ఈ ‘తప్ప’, ఈ ‘అయినప్పటికీ’ అక్కడ ఏ మాటగా ఉంది?” అని వెతికించండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ పని చేయించగలరు. వినేవారికి విషయం తెలియకపోతే చెప్పేవారు మరింత విడమర్చి చెప్పాలి కదా, అదీ ఒక మేలే.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతిలో నలభై మంది ఉన్నారు. పీరియడు నలభై ఐదు నిమిషాలు. ప్రతి పాఠం చివర కఠిన పదాలకు అర్థాలు చెప్పి ఐదేసి సార్లు రాయిస్తున్నాను. శనివారం పరీక్షలో సరిగ్గా రాసిన పిల్లలే సోమవారానికి మరిచిపోతున్నారు. వేరే దారి ఉందా? – ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, మీరు చేస్తున్న పనే నేనూ ఏళ్ల తరబడి చేశాను. అది ఎందుకు పనిచేయదో నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. పదార్థ స్థితులు చెబుతూ బోర్డు మీద ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం అని మూడు మాటలు రాసి, అర్థాలు రాసుకోమన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “సార్, నీళ్లు గడ్డ కట్టడానికీ భవనానికీ ఏమిటి సంబంధం? ఘనీభవనంలో మేడ ఎక్కడుంది?” అన్నాడు. తరగతంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, ఆ రాత్రి ఆలోచిస్తే ఆ మాట గురించి నిజంగా ఆలోచించినవాడు తరగతిలో వాడొక్కడేనని తోచింది. మిగతా ముప్ఫై తొమ్మిది మంది చూచి రాసుకున్నారు, అంతే.

మర్నాడు మళ్లీ ఆ మాటలతోనే మొదలుపెట్టాను. ఇక్కడ భవనం అంటే మేడ కాదు, అవడం. ఘనం కానిది ఘనం అవడం ఘనీభవనం, ద్రవం కానిది ద్రవం అవడం ద్రవీభవనం, బాష్పం, అంటే ఆవిరి, కానిది ఆవిరి అవడం బాష్పీభవనం. అలా చెప్పి, వెలుగు పాఠం ఇంకా మొదలుపెట్టకుండానే, బోర్డు మీద వక్రీభవనం అని రాసి దీని అర్థం మీరే చెప్పండన్నాను. “వంకర అవడం” అని నాలుగైదు గొంతులు ఒక్కసారే పలికాయి. కాంతికిరణం గాలిలోంచి నీటిలోకి పోతూ వంగుతుందన్న సంగతి చెప్పడానికి నాకిక ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అదే వరసలో ‘కరణం’ కూడా చెప్పాను. దానంతట అది అయితే భవనం, మనం చేస్తే కరణం. ఊరికి కరెంటు తెస్తే విద్యుదీకరణ. సాంఘికశాస్త్రంలో పారిశ్రామికీకరణ, జాతీయీకరణ ఉంటాయి. లెక్కల్లో రోజూ చూసే “సూక్ష్మీకరించండి” కూడా ఈ కుటుంబంలోదే, పెద్దగా ఉన్న రాశిని చిన్నది చేయమని దాని అర్థం. ఇలా ఒక్క ప్రత్యయం తెలిస్తే మూడు సబ్జెక్టుల తలుపులు తెరుచుకుంటాయి. (సాంద్రీకరణం మాత్రం ఈ లెక్కకు లొంగదు. ఆవిరి దానంతట అదే చల్లబడి నీరవుతున్నా దాన్ని ‘కరణం’ అనే అంటున్నాం. ఏ పిల్లవాడైనా ఈ తేడా పట్టుకుని నిలదీస్తే సంతోషించండి, పాఠం వాడికి ఎక్కిందన్నమాట.) మీ బడిలోని తెలుగు పండితులను ఒకసారి పీరియడుకు పిలిచి ఈ ప్రత్యయాల సంగతి చెప్పించండి. సైన్సు తరగతిలో తెలుగు మాస్టారు కనబడడమే పిల్లలకు పెద్ద విశేషం.

ఇంగ్లీషు మాటలనూ ఇలాగే విప్పవచ్చు. ఫొటో అంటే గ్రీకులో వెలుగు, సింథసిస్ అంటే కూర్చడం. కిరణజన్య సంయోగక్రియ అన్న తెలుగు మాటలోనూ ఉన్నది అదే కదా: కిరణాల వల్ల పుట్టే కలయిక పని. రెండు మాటలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి ముక్కలుగా విడగొడితే, రెండు భాషలవారూ ఒకే ఆలోచనతో ఆ మాటలు కట్టారని పిల్లలకు అర్థమవుతుంది. ఫొటోగ్రాఫు, టెలిగ్రాఫు, టెలిస్కోపు, మైక్రోస్కోపు అంటూ వాళ్లే గొలుసు కడతారు.

ఇంకొక ప్రమాదం ఉంది. తెలియని మాట కంటే తెలిసిందనుకున్న మాటే ఎక్కువ మోసం చేస్తుంది. ‘పని’ తెలియని పిల్లలుండరు. కానీ బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడ్డ హమాలీ భౌతికశాస్త్రం ప్రకారం ఆ బస్తా మీద పనేమీ చేయడం లేదంటే తరగతి తిరగబడుతుంది. హారం అంటే మెడలో వేసుకునేది, భూమి అంటే పొలం, ఘనం అంటే గొప్ప. అదే ఘనం లెక్కల్లో ఒక సంఖ్యను మూడుసార్లు వేసి గుణించగా వచ్చేది, సైన్సులో గట్టి పదార్థం. ఇంగ్లీషులోనూ ఇంతే: ‘బేస్’ త్రిభుజంలో భూమి, రసాయనశాస్త్రంలో క్షారం, ‘సొల్యూషన్’ బీకరులో ద్రావణం, లెక్కలో సాధన. ఇలాంటి మాట వచ్చినప్పుడు “దీనికి ఇంట్లో ఏమర్థం, ఈ గదిలో ఏమర్థం?” అని అడిగించండి.

ఇక నలభై ఐదు నిమిషాల సంగతి. పాఠానికి ఇరవై మాటలు వద్దు, ఐదు చాలు. వాటిని ఎంచుకునేటప్పుడు ఈ మాట మరో సబ్జెక్టులోనూ కనబడుతుందా అని చూడండి. న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో విశ్వవిద్యాలయ స్థాయి రచనలను గాలించి 570 పదకుటుంబాల జాబితా తయారుచేశారు. ఆ రచనల్లోని మాటల్లో సుమారు పదో వంతు ఆ కుటుంబాలవే. అనలైజ్, ఫ్యాక్టర్, ప్రాసెస్, సిగ్నిఫికెంట్ వంటివి అందులో ఉంటాయి. ఎనిమిదో తరగతికి ఆ జాబితా అంతా అక్కరలేదు కానీ, ఎంపిక ఎలా చేయాలో దాన్ని చూస్తే తెలుస్తుంది. ఎంచుకున్న ఐదు మాటలనూ పాఠానికి ముందు ఒకసారి పలికించండి, పాఠం నడుస్తుండగా వాక్యంలో చూపించండి, చివర పక్కవాడికి ఆ మాటతో ఒక వాక్యం చెప్పమనండి. మూడు రోజుల తరువాత వేరే పాఠంలో మళ్లీ అడగండి. పరీక్షలో “అర్థం రాయుము” తీసేసి “ఈ మాట ఉపయోగించి నిన్న మీ ఇంట్లో జరిగిన ఒక విషయం రాయుము” అని పెట్టి చూడండి. తప్పులు బోలెడు వస్తాయి. మీకు నేర్పవలసినది ఏమిటో ఆ తప్పులే చెబుతాయి. చూచిరాత దస్తూరికి మంచిదే, అంతకు మించి దాని నుంచి ఆశించకండి.

ప్రశ్న: మనుమడి పుస్తకంలో ‘కిరణజన్య సంయోగక్రియ’, ‘బాష్పోత్సేకం’ అన్న మాటలు చూసి నాకే నోరు తిరగలేదు. ఇవి తెలుగంటారా? వీటికంటే ఇంగ్లీషు మాటలే నేరుగా నేర్పితే కాలేజీలో ఇబ్బంది ఉండదు కదా! – విశ్రాంత ఉద్యోగి, నరసరావుపేట

జవాబు: సగం మీతో ఏకీభవిస్తానండీ. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలు తెలుగులో తేవడం మొదలుపెట్టినప్పుడు వేలాది మాటలు అవసరమయ్యాయి, అందులో చాలావరకు సంస్కృతం నుంచే కట్టారు. వాటిలో కొన్ని నిజంగానే బరువు. మొక్క ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడానికి పెట్టిన పేరు బాష్పోత్సేకాన్ని నేనూ సమర్థించలేను.

అయితే ఆకురాల్చే అడవులు అన్న మాట చూడండి. డెసిడ్యుయస్ అని బట్టీ పట్టిన పిల్లవాడికి ఆ మాట లోపల ఏముందో తెలియదు; ఆకురాల్చే అనగానే వేసవి ముందు బోసిపోయిన టేకు చెట్టు కళ్ల ముందు నిలబడుతుంది. పిండిపదార్థాలు, ఇంకుడు గుంత, జలచక్రం కూడా అలాంటివే. ఈ మాటల్లో నిర్వచనం దాగి ఉంది. అందువల్ల తెలుగు మాటతో భావం పట్టించి, ఇంగ్లీషు మాటను దానికి రెండో పేరుగా తగిలించడం ఉత్తమం. భావం ఒకసారి మనసులో పడ్డాక రెండో పేరు నేర్వడం ఎంత పని? భావమే లేకుండా పేరొక్కటే ఉంటే అది ఇంటర్మీడియట్ మొదటి నెలలోనే ఊడిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది వరకు మాతృభాషలో బోధన ఉండాలన్నది. బడిలో ఎలా ఉన్నా, మనుమడికి ఇంట్లో తాతగారు తెలుగులో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కదా.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. మా కాలనీలో అందరూ ‘ఐఐటీ ఫౌండేషన్’లో చేర్పిస్తున్నారు. ఏటా వేలల్లో ఫీజు. చేర్పించకపోతే వెనకబడతాడేమోనని భయం, చేర్పిస్తే మా జీతానికి బరువు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆరో తరగతి పిల్లవాడికి పదకొండో తరగతి లెక్క నేర్పితే పదకొండో తరగతికి సిద్ధపడ్డట్టు కాదు. ఆ లెక్కను చదివి, అది ఏమి అడుగుతోందో ఇంకొకరి సాయం లేకుండా తేల్చుకోగలగడమే సిద్ధపాటు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలకు మూడు గంటలు ఇస్తారు, అంటే ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. అక్కడ ప్రశ్న వాక్యాన్ని రెండోసారి చదవవలసి వస్తే అప్పుడే ఆలస్యమైపోయినట్టు. జేఈఈ మెయిన్, నీట్ తెలుగులోనూ రాయవచ్చు, కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. ఏ భాషలో రాసినా పొడవైన వాక్యాన్ని విడదీసి చదవగల చూపు కావాలి. ఆరేడు తరగతుల్లో పెంచవలసింది ఆ చూపే, దానికి వేలు పోయనక్కరలేదు.

డబ్బు సంగతి ఎత్తారు గనుక ఒక మాట. ఫీజు కట్టే పరీక్షల గురించి అందరికీ తెలుసు, డబ్బు ఇచ్చే పరీక్ష గురించి చాలామందికి తెలియదు. మీ అబ్బాయి చదివేది ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ బడిలోనైతే, ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకారవేతన పరీక్ష రాయవచ్చు. తల్లిదండ్రుల వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలకు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు). ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. తార్కిక సామర్థ్యం మీద 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల మీద 90 ప్రశ్నలు ఉంటాయి. గురుకులాలవారికీ, ప్రైవేటు బడులవారికీ ఇది వర్తించదు. మీ అబ్బాయికి అర్హత లేకపోయినా పాత ప్రశ్నపత్రాలు తెచ్చి ఇంట్లో చేయించండి. వాడి వయసుకు సరిపడే కసరత్తు అందులో ఉంది.

మిగిలిన డబ్బుతో ఒక దినపత్రిక, ఒక మంచి నిఘంటువు కొనండి. రోజూ పత్రికలో ఒక వార్త చదివి రెండు వాక్యాల్లో మీకు చెప్పమనండి. మొదటి నెల విసుక్కుంటాడు, మీరూ విసుక్కుంటారు. ఆ నెల గడపండి. ఇంకా ఫౌండేషన్ మీద మనసు లాగితే తొమ్మిదో తరగతిలో ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. మా పాప ఇక్కడ ఏడో గ్రేడు. బడివారు ‘అకడమిక్ వొకాబులరీ’ పెంచాలంటున్నారు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని బంధువులు సలహా ఇస్తున్నారు. – ఒక తల్లి, ఎడిసన్

జవాబు: బంధువుల సలహా వినకండమ్మా. ఇంగ్లీషు ఆ పాపకు బడిలో, వీధిలో, టీవీలో దొరుకుతుంది, తెలుగు మీ ఇంట్లో తప్ప దొరకదు. బడివారు అడుగుతున్నది కూడా మాట్లాడే ఇంగ్లీషు కాదు, క్లెయిమ్, ఎవిడెన్స్, ఇన్ఫర్ వంటి మాటలతో ఆలోచించి రాయడం. అవి ఆలోచనకు పేర్లు, ఆ ఆలోచన ఏ భాషలోనైనా నేర్పవచ్చు. భోజనాల దగ్గర పాప ఏదైనా అన్నప్పుడు “అలా ఎందుకు అనుకుంటున్నావు? ఆధారం ఏమిటి? దాన్నిబట్టి ఇంకేమి తేలుతుంది?” అని తెలుగులో అడగండి. క్లెయిమ్, ఎవిడెన్స్, ఇన్ఫర్ మూడూ అందులోనే ఉన్నాయి. అమెరికాలోనూ కాలేజీ సిద్ధపాటు ఈ వయసులోనే మొదలుకావాలన్న ఆలోచన ఉంది. 1998లో వచ్చిన గేర్ అప్ అనే ఫెడరల్ కార్యక్రమం ఏడో గ్రేడు దాటకముందే పిల్లలతో పని మొదలుపెట్టాలంటుంది. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీలో అరుదైన మాటలను బట్టీ పట్టించే పద్ధతి 2016 మార్పులతో పోయింది. ఇప్పుడు ఆ వాక్యంలో ఆ మాటకు ఏ అర్థం వస్తుందన్నదే అడుగుతున్నారు. కనుక పదాల చీటీల పెట్టెలు కొనే ముందు పాపతో పుస్తకాలు చదివించండి.

ప్రశ్న: నేను గురుకులంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ప్రశ్నలో డిఫైన్, ఎక్స్‌ప్లెయిన్, కంపేర్, జస్టిఫై అని ఉంటే అన్నింటికీ ఒకే జవాబు రాస్తున్నాను, మార్కులు తగ్గుతున్నాయి. కాలేజీలో నోట్సు చెప్పరట, మనమే రాసుకోవాలట. అది ఎలా నేర్చుకోవాలి? – ఒక విద్యార్థిని, వనపర్తి

జవాబు: చిరంజీవి తల్లీ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే సూటైన ప్రశ్న నీదే. ముందు నోట్సు సంగతి చెబుతాను. కాగితానికి ఎడమవైపు మూడో వంతు వదిలి నిలువు గీత గీయి. కుడివైపు టీచరు చెప్పింది నీ మాటల్లో, పూర్తి వాక్యాలు కాకపోయినా సరే, రాసుకో. సాయంత్రం స్టడీ అవరులో ఎడమవైపు ఆ విషయాల మీద నువ్వే ప్రశ్నలు రాయి. కింద నాలుగు వరుసలు వదిలి అక్కడ పాఠం సారం రాయి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు తన విద్యార్థుల కోసం రూపొందించిన పద్ధతి ఇది. కుడివైపు అరచేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటే అదే పునశ్చరణ. టీచరు చెప్పిన ప్రతి మాటా రాయాలని చూడకు, చేయి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఇక ఆ నాలుగు మాటలు. బాష్పీభవనాన్నే తీసుకుందాం. డిఫైన్ అంటే నిర్వచించు. ఒక వాక్యం చాలు: ద్రవం మరిగే ఉష్ణోగ్రత కంటే తక్కువ ఉష్ణోగ్రత వద్దనే దాని ఉపరితలం నుంచి ఆవిరిగా మారడం బాష్పీభవనం. ఉదాహరణలు, కథలు అక్కడ వద్దు. ఎక్స్‌ప్లెయిన్ అంటే వివరించు. ఎలా జరుగుతుందో మెట్టు మెట్టుగా చెప్పాలి: ఉపరితలం దగ్గరి అణువుల్లో ఎక్కువ శక్తి ఉన్నవి ముందు తప్పించుకుపోతాయి, అందువల్ల మిగిలిన ద్రవం చల్లబడుతుంది, మట్టికుండలో నీళ్లు చల్లగా ఉండేది అందుకే. కంపేర్ అంటే పోల్చు. ఒక్కదాని గురించి రాస్తే సగం మార్కులే. మరగడం ద్రవమంతటా జరుగుతుంది, బాష్పీభవనం పైపొరలోనే జరుగుతుంది. మరగడానికి ఒక నిర్ణీత ఉష్ణోగ్రత కావాలి, బాష్పీభవనానికి అక్కరలేదు. రెండింటిలోనూ ద్రవం ఆవిరే అవుతుంది. ప్రతి పోలికలోనూ రెండూ ఉండాలి, తేడాలతో పాటు సామ్యం ఒకటైనా ఉండాలి.

జస్టిఫై అంటే సమర్థించు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. “ఉక్కపోత రోజున తడిబట్టలు త్వరగా ఆరవు, సమర్థించుము” అన్నారనుకో. చాలామంది “ఉక్కపోతగా ఉంటుంది కనుక ఆరవు” అని ప్రశ్ననే తిప్పి రాస్తారు. ఇలా రాసి చూడు: ఉక్కగా ఉన్న రోజున గాలిలో అప్పటికే నీటి ఆవిరి ఎక్కువగా ఉంటుంది; గాలిలో ఆవిరి పెరిగేకొద్దీ బాష్పీభవనం నెమ్మదిస్తుంది; కనుక బట్టల్లోని నీరు ఆవిరి కావడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక సంగతి, ఒక నియమం, ఆ రెండింటినీ ముడివేసే ‘కనుక’, ఆ తరువాత ఫలితం. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ ‘కనుక’ దగ్గర దేర్‌ఫోర్ పెట్టు.

ఈ ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక ఒకేలాంటి రెండు చేతిరుమాళ్లు తడిపి పిండి, ఒకటి ఫ్యాను కింద, మరొకటి గాలి తగలని మూలన ఆరవేయి. ఎంతసేపట్లో ఏది ఆరిందో గడియారం చూసి రాసుకో. దాని మీద ఒక కంపేర్ జవాబు, ఒక జస్టిఫై జవాబు రాసి నాకు పంపు. వచ్చే నెల ఈ పేజీలోనే దిద్ది వేస్తాను.